కత్తిరించని చిత్రం: కార్టియర్ బ్రెస్సన్ కళావిశ్వాసాల్లో నియమం, ఔచిత్యం

పారిస్ నగరంలోని సెయింట్ లజార్ రైల్వే స్టేషను వెనుక 1932లో హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ తీసిన ఛాయాచిత్రం ఒకటుంది. అందులో కనిపించేది నీరు నిలిచిన ఖాళీ స్థలం. నీటిలో పడివున్న నిచ్చెన మీదుగా నడిచివచ్చిన మనిషి దాని చివర నుంచి ముందుకు దూకాడు. మడమ ఇంకా నీటిని తాకలేదు. కింద అతని ప్రతిబింబం తలకిందులుగా అతనితోపాటే దూకుతున్నది. వెనక గోడ మీది పోస్టరులో ఒక నర్తకి దాదాపు అదే భంగిమలో గాలిలో తేలుతున్నది. మరుక్షణంలో ఆ నీరు చెదిరిపోతుంది, ప్రతిబింబం ముక్కలవుతుంది. చూసేవాడికి ఆ సంగతి తెలుసు. చిత్రంలో మాత్రం అది ఎన్నటికీ జరగదు.

ఛాయాచిత్రకళను గురించి రాసినవారిలో ఈ చిత్రాన్ని ప్రస్తావించనివారు అరుదు. 'నిర్ణాయక క్షణం' అన్న భావనకు దీనినే ప్రథమోదాహరణగా చూపుతారు. బ్రెస్సన్ జీవితమంతా నమ్మి పాటించిన నియమాల్లో మరొకటి కూడా అంతే ప్రసిద్ధమైనది. మీట నొక్కిన తరువాత చిత్రాన్ని కత్తిరించరాదని, ఏది చట్రంలోకి రావాలో ఏది రాకూడదో నిర్ణయించవలసింది చూసే వేళనే గాని ఆ తరువాత కాదని అతని విశ్వాసం. నెగటివు మొత్తం ప్రింటులోకి వచ్చిందనడానికి సాక్ష్యంగా అంచుల చుట్టూ నల్లని గీత కనిపించేటట్లు ప్రింట్లు వేయించేవాడు. పత్రికల సంపాదకులు తన చిత్రాల అంచులు కోయడాన్ని అతడు సహించలేదు.

అయితే సెయింట్ లజార్ చిత్రం కత్తిరించినదే. కంచె పలకల మధ్య సందు కటకానికి సరిపోయేంత వెడల్పు లేదు. నెగటివులో ఎడమవైపు కొంత భాగాన్ని పలక ఆక్రమించింది. ప్రింటులో ఆ భాగాన్ని తొలగించారు. ఆ మనిషి దూకడాన్ని తాను సరిగా చూడనైనా లేదనీ, అది అదృష్టమనీ బ్రెస్సనే వృద్ధాప్యంలో చెప్పుకున్నాడు. ఒక కళాకారుడి సిద్ధాంతానికి పతాకంగా నిలిచిన కృతి ఆ సిద్ధాంతాన్నే పాటించలేదన్నమాట.

దీనిని కపటమని తీసిపారవేయడం సులభం. 'నియమాలు శిష్యులకు, మినహాయింపులు గురువులకు' అని నవ్వి ఊరుకోవడం ఇంకా సులభం. ఈ రెండింటి వల్లా అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. ఒక కృతి మంచిదా కాదా అన్న నిర్ణయంలో అది ఏ పద్ధతిలో తయారైందన్న విషయానికి స్థానముందా? ఉంటే, ఆ స్థానం సౌందర్యానికి సంబంధించినదా, నీతికి సంబంధించినదా? బ్రెస్సన్ విశ్వాసాలను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడానికి భారతీయ అలంకారశాస్త్రంలోనూ తెలుగు కవితా సంప్రదాయంలోనూ కొన్ని ఆధారాలు లభిస్తాయి. అవి ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ పనికిరావో కూడా చూడవలసి ఉంది.

క్షణం, రేఖ

1908లో ఫ్రాన్సులో పుట్టిన బ్రెస్సన్ మొదట చిత్రకళ నేర్చుకున్నాడు. గురువు ఆంద్రే లోత్ రేఖాగణితం మీద, ప్రాచీన చిత్రకారుల కూర్పు నియమాల మీద అపారమైన శ్రద్ధ గలవాడు. ఆ శిక్షణ శిష్యుడిని చివరిదాకా విడవలేదు. టాంగన్యీకా సరస్సు అలల్లోకి పరుగెత్తుతున్న ముగ్గురు పిల్లల చిత్రం ఒకటి అతని కంటబడింది. దానిని తీసినవాడు మార్టిన్ ముంకాచీ. ఒక్క క్షణాన్ని పట్టుకుని దానికి శాశ్వతత్వం కల్పించగల శక్తి ఛాయాచిత్రానికి ఉందని అప్పుడే తనకు తెలిసిందని బ్రెస్సన్ పలుమార్లు చెప్పాడు. 1932లో చిన్న లైకా కెమెరా చేతికి వచ్చింది. యాభై మిల్లీమీటర్ల కటకం మనిషి కంటిచూపుకు దగ్గరగా ఉంటుందని ఎక్కువగా దానినే వాడాడు.

1952లో వెలువడిన అతని గ్రంథానికి హెన్రీ మతీస్ ముఖచిత్రం వేశాడు. దాని పీఠికలో బ్రెస్సన్ తన కళాదర్శనాన్ని వివరించాడు. ఒక సంఘటన ప్రాధాన్యాన్ని, ఆ ప్రాధాన్యాన్ని వ్యక్తం చేయగల రూపవిన్యాసాన్ని లిప్తకాలంలో ఒకేసారి గుర్తించడమే ఛాయాచిత్రణమన్నది దాని సారాంశం. ఈ నిర్వచనంలో బరువంతా 'ఒకేసారి' అన్న మాట మీదనే ఉంది. అర్థాన్ని ముందు గ్రహించి తరువాత దానికి రూపం తొడిగితే అది అలంకరణ అవుతుంది. రూపాన్ని ముందు అమర్చుకుని అర్థం కోసం కాచుకుంటే అది నాటకమవుతుంది. రెండూ ఒక్క స్ఫురణలో కలిసి రావాలి.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇది పరిచితమైన స్వరమే. మమ్మటుడు కావ్యహేతువును చెప్పేటప్పుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని పేర్కొన్నాడు. అయితే అవి మూడూ కలిసి ఒకే హేతువు అవుతాయని, మూడు వేర్వేరు హేతువులు కావని కూడా స్పష్టం చేశాడు. లోత్ దగ్గర నేర్చిన రేఖాజ్ఞానం బ్రెస్సన్ నిపుణత. ఏళ్ల తరబడి వీధుల్లో తిరిగిన తిరుగుడు అతని అభ్యాసం. మీట మీద వేలు కదిలిన క్షణంలో ఈ రెండూ శక్తిలో లీనమైపోతాయి. గణితం ముందే కంటిలో ఇంకిపోయి ఉండాలని, చిత్రం తీసేటప్పుడు దానిని గురించి ఆలోచించడం కుదరదని అతడు అన్నదానికి ఇదే అర్థం.

ఫ్రెంచిలో ఆ గ్రంథానికి ఉన్న పేరు వేరు. 'నిర్ణాయక క్షణం' అన్నది అమెరికా ప్రచురణకర్తలు పెట్టిన పేరు. పీఠిక తలమీద ఉదాహరించిన పదిహేడో శతాబ్దపు మతాధికారి కార్డినల్ రెట్స్ మాటల్లోంచి దానిని తీసుకున్నారు. ఫ్రెంచి మూలనామంలో ఉన్నది లైసెన్సు లేకుండా వీధిలో సరుకు పరచి, పోలీసు కనబడగానే మూట కట్టుకుని పారిపోయే చిల్లర వ్యాపారిని స్ఫురింపజేసే నుడికారం. దొంగచాటుగా, హడావిడిగా లాక్కున్న చిత్రాలని దాని భావం. ఒకే పుస్తకం ఒక భాషలో నిర్ణయాన్ని, గాంభీర్యాన్ని సూచిస్తూ, మరొక భాషలో చాటుమాటును ఒప్పుకుంటున్నది. లోకం మొదటి పేరునే గుర్తుంచుకుంది. బ్రెస్సన్ నైతిక సమస్య అంతా రెండో పేరులో ఉంది.

అవధాని వేదిక మీద, పద్యం పుస్తకంలో

దిద్దుబాటు లేని సృష్టికి ప్రత్యేకమైన విలువ ఉందన్న విశ్వాసం తెలుగు దేశానికి కొత్తది కాదు. అవధాన ప్రక్రియ నిలబడినది దాని మీదనే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాతి అక్షరంగా ఏది రాకూడదో పృచ్ఛకుడు నిషేధిస్తాడు. సమస్య, దత్తపది, వర్ణన ఒక్కొక్క పాదం చొప్పున సాగుతుంటాయి. నడుమ అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతూనే ఉంటాడు. కాగితం లేదు, కలం లేదు. నోట వచ్చిన పాదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. చివర ధారణలో అన్నింటినీ అప్పగించాలి. సభ చప్పట్లు కొట్టేది పద్యాన్ని విని మాత్రమే కాదు, ఆ పద్యం ఎన్ని కట్టుబాట్ల నడుమ పుట్టిందో కళ్లారా చూసి.

ఆ పద్యాన్ని పుస్తకంలో అచ్చువేస్తే ఏమవుతుంది? నిషేధాలు కనబడవు, గంట చప్పుడు వినబడదు. పాఠకుడి ముందు నాలుగు పాదాలే ఉంటాయి. అవధాన పద్యాల సంకలనాలు తిరగేసినవారికి ఈ అనుభవం తెలుసు. కొన్ని పద్యాలు సందర్భం తెలియకపోయినా నిలుస్తాయి. చాలావాటికి 'ఇది ఆశువుగా చెప్పినది' అన్న వివరణ ఊతకర్రగా కావలసివస్తుంది. అవధానాన్ని ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన తిరుపతి వేంకట కవుల విషయంలోనే ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. వారి అవధాన ప్రజ్ఞ ఐతిహ్యంగా మిగిలింది. జనం నోట మిగిలిన పద్యాలు మాత్రం పాండవోద్యోగ విజయాలవి, నాటకం కోసం రాసినవి. పల్లెటూరి రంగస్థలం మీద ఆ పద్యానికి 'వన్స్ మోర్' కొట్టినవాడు అది ఎంత సేపట్లో పుట్టిందని అడగలేదు.

ఈ పోలిక బ్రెస్సన్ నియమానికి రెండు వైపులా తగులుతుంది. కత్తిరించకపోవడమన్నది అతనికి నిషిద్ధాక్షరి వంటిది. ఆ కట్టుబాటు వల్లనే చట్రం నాలుగు అంచుల మీదా కన్ను ఒకేసారి నిలిపే ఏకాగ్రత అలవడింది. తరువాత దిద్దుకోవచ్చన్న వెసులుబాటు ఉన్నవాడికి ఆ ఏకాగ్రత అవసరం లేదు, అవసరం లేనిది సాధారణంగా అలవడదు. ఈ కోణంలో చూస్తే నియమం కళాకారుడికి సాధన. కృతికి లక్షణం కాదు. సెయింట్ లజార్ చిత్రం చూసి ముగ్ధుడైనవాడికి ఎడమవైపు పలక సంగతి తెలిసిన తరువాత ఆ చిత్రం చిన్నదైపోదు. మనిషి మడమకూ నీటికీ మధ్య ఉన్న ఆ సన్నని వెలుతురు అలాగే ఉంటుంది.

బ్రెస్సన్ నియమం అనుకున్నంత సంపూర్ణమైనది కూడా కాదు. ఒక చట్రం లోపల కత్తెర పెట్టనివాడు ఫిల్మ్ చుట్ట మీద ధారాళంగా పెట్టాడు. ఒకే దృశ్యం చుట్టూ తిరుగుతూ పలుమార్లు మీట నొక్కడం, ఆ తరువాత కాంటాక్ట్ షీటు మీద ఒకదానిని ఎన్నుకోవడం అతని పనిలో భాగమే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తన తొలినాళ్ల నెగటివుల్లో నచ్చినవి కోసి దాచుకుని తక్కినవి పారవేశాడు. అవధానికి ఈ సౌకర్యం లేదు. సభలో చెప్పిన పది పూరణల్లో తొమ్మిదింటిని మరిచిపొండని అతడు కోరలేడు. కనుక బ్రెస్సన్‌ది పూర్తి ఆశుకవిత్వం కాదు, ఆశువుగా చెప్పినవాటిలోంచి చేసిన సంకలనం. ప్రింటు వేసే పనిలో కూడా అతనికి ఆసక్తి లేదు. డార్క్ రూమ్ పనిని పారిస్‌లో పియెర్ గాస్మన్ ప్రయోగశాలకు అప్పగించేవాడు. చిత్రమనేది చూపుతోనే పూర్తయిందని, మిగిలినది లేఖకుడి పని అని అతని ఉద్దేశం. నన్నయకు నారాయణభట్టు తోడ్పడినట్లు అని ఎవరైనా అనబోతే, ఆ పోలిక నారాయణభట్టుకు అన్యాయం చేస్తుంది.

అయితే నియమం కేవలం సాధన కోసమే అయితే, నిపుణుడైన తరువాత దానిని వదిలేయవచ్చు గదా? బ్రెస్సన్ వదలలేదు. ఏకాగ్రతకు మించిన దేనికోసమో అతడు దానిని పట్టుకున్నాడు. అంచులోని నల్లని గీత చూసేవాడికి ఒక హామీ ఇస్తున్నది: ఈ మనుషులు ఇలాగే ఉన్నారు, వీరి పక్కన ఉన్నవాటిని తొలగించలేదు, వీరి చేత ఏదీ చేయించలేదు. ఇక్కడ సౌందర్యం నుంచి సత్యం వైపు, సత్యం నుంచి మర్యాద వైపు ప్రశ్న జరుగుతుంది.

వెలుగు తేవడం, వెలుగు కోసం ఆగడం

ఫ్లాష్ వాడడాన్ని బ్రెస్సన్ అసభ్యతగా భావించాడు. సంగీత కచేరీకి తుపాకి పట్టుకుని వెళ్లడం లాంటిదన్న అర్థం వచ్చేటట్లు మాట్లాడేవాడు. ఉన్న వెలుతురును గౌరవించాలన్నది అతని మాట. ఇది సాంకేతికమైన ఇష్టాయిష్టాల విషయంగా పైకి కనబడుతుంది. 1948 జనవరి 30న దిల్లీలో జరిగినది దాని అసలు అర్థాన్ని తేటపరిచింది.

ఆ రోజు బ్రెస్సన్ బిర్లా భవనంలో గాంధీజీని కలుసుకున్నాడు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో అంతకు ముందు సంవత్సరం జరిగిన తన ప్రదర్శన పుస్తకాన్ని చూపించాడు. అందులో కవి పాల్ క్లోడెల్ శవశకటం వైపు చూస్తున్న చిత్రం దగ్గర గాంధీజీ ఆగి, దాని భావమేమిటని అడిగారని, ఆపైన మరణమన్న మాటను మూడుసార్లు పలికారని బ్రెస్సన్ తరువాత గుర్తుచేసుకున్నాడు. అతడు సెలవు తీసుకుని వెళ్లిన కొద్దిసేపటికే ప్రార్థనకు నడుస్తున్న గాంధీజీ మీద గాడ్సే కాల్పులు జరిపాడు. వార్త విని బ్రెస్సన్ వెనక్కి పరుగెత్తాడు.

ఆ రాత్రి గేటు దగ్గర గుమిగూడిన జనానికి నెహ్రూ మరణవార్త చెబుతున్న చిత్రం బ్రెస్సన్ తీసినదే. వీధిదీపపు వెలుతురు తప్ప మరో వెలుగు లేదు. నెహ్రూ ముఖం స్పష్టంగా లేదు, ఆకారాలు చెదిరిపోయాయి. సాంకేతికంగా చూస్తే లోపాలున్న చిత్రం. కాని ఆ రాత్రి దిల్లీలో ఎవరి కంటికైనా ప్రపంచం అలాగే కనిపించి ఉంటుంది. ఫ్లాష్ వెలిగించి ఉంటే నెహ్రూ ముఖంలోని ప్రతి రేఖా తెలిసేది, చీకటి మాత్రం పోయేది. ఆ సంఘటనకు చీకటి నేపథ్యం కాదు, విషయం.

అదే సాయంత్రం 'లైఫ్' పత్రిక ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బర్క్‌వైట్ కూడా గాంధీజీ పార్థివదేహం ఉన్న గదిలోకి వెళ్లారు. ఆమె ఫ్లాష్ వెలిగించడం అక్కడ శోకిస్తున్నవారికి ఆగ్రహం తెప్పించిందని, ఆమె కెమెరాలోని ఫిల్మును పాడుచేసి ఆమెను బయటికి పంపివేశారని ఆమె చరిత్ర రాసినవారు చెబుతారు. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి ఒకరిని సజ్జనుడిగా, మరొకరిని అమర్యాదస్తురాలిగా తీర్పు చెప్పడం పరిపాటి అయింది. ఆ తీర్పు తొందరపాటుతో కూడినది. 1946లో రాట్నం పక్కన గాంధీజీ కూర్చున్న చిత్రం, లోకమంతటికీ తెలిసినది, బర్క్‌వైట్ తీసినదే. ఆ చిత్రానికి ముందు ఆమెను నూలు వడకడం నేర్చుకొమ్మన్నారు. ఆమె నేర్చుకున్నారు. మసక గదిలో మూడే మూడు ఫ్లాష్ బల్బులకు అనుమతి దొరికిందని, రెండు ప్రయత్నాలు చెడిపోయి మూడోదానితో చిత్రం దక్కిందని ఆమె స్వయంగా రాసుకున్నారు. ఆ ఫ్లాష్‌ను ఎవరూ అసభ్యమనలేదు. వచ్చిన చిత్రం గొప్పది కాదని కూడా ఎవరూ అనలేదు.

తేడా ఫ్లాష్‌లో లేదు. అది వెలిగిన చోటులో, వేళలో ఉంది. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని రససిద్ధమైన కావ్యానికి ప్రాణమన్నాడు. ఏది దేనికి తగినదో అది ఉచితం, ఆ ఉచితత్వమే ఔచిత్యం. పదం, వాక్యం, అలంకారం, రసం మొదలైన స్థానాలతోపాటు దేశాన్ని, కాలాన్ని కూడా అతడు ఔచిత్యస్థానాల్లో చేర్చాడు. అంతకు ముందే ఆనందవర్ధనుడు రసభంగానికి అనౌచిత్యం తప్ప మరో కారణం లేదన్నాడు. ఈ దృష్టితో చూస్తే 'ఫ్లాష్ వాడరాదు' అన్నది సూత్రం కాదు. దేశకాలాల ఔచిత్యం నుంచి ఒక కళాకారుడు తన కోసం గీసుకున్న గీత. బ్రెస్సన్ ఆ గీతను సూత్రంగా ప్రకటించినప్పుడు పొరపడ్డాడు. ఆచరణలో అది అతన్ని చాలాసార్లు పొరపాటు నుంచి కాపాడింది. రాట్నం చిత్రం మాత్రం ఆ నియమం పట్టుకున్నవాడికి ఎన్నడూ దక్కేది కాదు.

ఇంతవరకు అలంకారశాస్త్రం తోడు వచ్చింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్షేమేంద్రుడి ఔచిత్యం కావ్యం లోపలిది. నాయకుడి మాటకూ అతని స్వభావానికీ, అలంకారానికీ అర్థానికీ మధ్య ఉండవలసిన పొందిక అది. బిర్లా భవనంలో భంగపడినది చిత్రం లోపలి పొందిక కాదు. ఆ ఫిల్ము నిలిచి ఉంటే బహుశా అద్భుతమైన చిత్రమే వచ్చేది. భంగపడినది చిత్రకారిణికీ ఆ గదిలోని మనుషులకూ మధ్య ఉండవలసిన పొందిక. కావ్యంలో పాత్రకు నొప్పి తెలియదు. అశోకవనంలో సీత దుఃఖాన్ని ఏ కవి ఎంత విస్తరించి వర్ణించినా ఆమె వచ్చి అభ్యంతరం చెప్పదు. ఛాయాచిత్రంలో ఉన్నది పాత్ర కాదు, మనిషి. ఆ మనిషి రేపు నిద్ర లేస్తాడు, వీధిలోకి వెళతాడు, తన ముఖాన్ని పత్రికలో చూసుకోవచ్చు. కాబట్టి ఛాయాచిత్రానికి వర్తించే ఔచిత్యానికి రెండు ముఖాలుంటాయి. రెండో ముఖాన్ని గురించి ప్రాచీనులు చెప్పకపోవడం వారి లోపం కాదు, వారికి ఆ అవసరం రాలేదు.

నిజానికి తెలుగులో ఒక అంచున ఆ అవసరం వచ్చింది. చాటువుల్లో, తిట్టుకవిత్వంలో వర్ణ్యవిషయం బతికున్న మనిషే. వేములవాడ భీమకవి పేరు మీద ప్రచారంలో ఉన్న కథలన్నీ మాట మనిషికి తగలగలదన్న నమ్మకం మీద అల్లుకున్నవే. అయితే అక్కడ కవి ఎదురుగా నిలబడతాడు. తిట్టు తిన్నవాడికి తిట్టినవాడెవరో తెలుసు, బతిమాలుకునే అవకాశం కూడా కథల్లో అతనికి దొరుకుతుంది. లైకా పట్టుకుని గుంపులో కలిసిపోయినవాడి ముందు ఎదుటివాడికి ఆ అవకాశం లేదు.

దెస్సౌ స్త్రీ

1945లో జర్మనీలోని దెస్సౌ పట్టణంలో, శరణార్థుల మజిలీ శిబిరంలో బ్రెస్సన్ తీసిన చిత్రం ఈ ప్రశ్నను తప్పించుకోలేనంత దగ్గరికి తెస్తుంది. బల్ల వెనుక కళ్లద్దాలు పెట్టుకున్న యువకుడు కాగితాల ముందు కూర్చున్నాడు. బల్ల ముందు ఇద్దరు స్త్రీలు. ఒకామె నల్లని దుస్తుల్లో, పళ్లు బిగబట్టి, చేయి విసురుతున్నది. రెండో ఆమె తల వంచుకుని నిలబడి ఉంది. నాజీ రహస్య పోలీసులకు సమాచారం అందించిందని ఆమె మీద ఆరోపణ. కోపంతో ఊగిపోతున్న స్త్రీ ఆమెను గుర్తుపట్టింది. వెనక గుంపు. వారిలో చారల దుస్తుల ఖైదీ ఒకడు.

ఈ చిత్రం తీసినవాడికి ఆ కోపం పరాయిది కాదు. 1940లో బ్రెస్సన్ జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కాడు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయి మూడోసారి 1943లో తప్పించుకున్నాడు. ఆ శిబిరానికి అతడు వెళ్లినది ఖైదీలు ఇళ్లకు తిరిగిరావడం మీద చలనచిత్రం తీయడానికి. అతని సానుభూతి ఎటువైపో సందేహం లేదు. అయినా చిత్రం ఏ పక్షమూ వహించదు. చూసేవాడి కన్ను మొదట విసిరిన చేతి మీద పడుతుంది, తరువాత వంగిన తల దగ్గర ఆగిపోతుంది. నేరం ఎంత నిజమైనా, గుంపు నడుమ ఒంటరిగా నిలబడిన మనిషి దైన్యం కూడా నిజమే. ఖండించడానికి వచ్చిన ప్రేక్షకుడు ఒక క్షణం ఆమె స్థానంలోకి వెళ్లి వస్తాడు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం జరిగిందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఇది ఎవరో ఒక జర్మను స్త్రీ అవమానం మాత్రమే కాక, అవమానమనే దానికి రూపమైంది.

సరిగ్గా ఇక్కడే ఇబ్బంది ఉంది. ఆ స్త్రీ అవమానం సర్వజనీనం కావడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. విచారణ ముగిసి ఉంటుంది, శిక్ష పడి ఉంటే అది కూడా ముగిసి ఉంటుంది. చిత్రంలో మాత్రం ఆ చేయి ఎనభై ఏళ్లుగా విసురుతూనే ఉంది. న్యాయస్థానం వేసే శిక్షలకు కాలపరిమితి ఉంటుంది. కళ వేసే శిక్షకు లేదు. చరిత్రకు సాక్ష్యం కావాలి గదా అన్న సమాధానం ఉంది, అది బలమైనదే. ఆ శిబిరాల్లో ఏం జరిగిందో లోకానికి చూపవలసిన అవసరం ముందు ఒక వ్యక్తి గోప్యత తక్కువదని చాలామంది ఒప్పుకుంటారు. దెస్సౌ చిత్రానికి ఆ సమాధానం సరిపోవచ్చు. వీధిలో నడిచిపోతున్న మనిషికి, నదీతీరాన భోజనం చేస్తున్న కుటుంబానికి, నీటిగుంట దాటుతున్న అనామకుడికి అది సరిపోదు. వారి చిత్రాల వల్ల చరిత్రకు చేకూరే సాక్ష్యం స్వల్పం. వారిని తీసుకున్నది అందం కోసమే.

బ్రెస్సన్‌కు ఈ సంగతి తెలుసు. అతడు తన ముఖాన్ని ఎవరూ ఫొటో తీయకుండా జాగ్రత్తపడ్డాడు. వీధిలో తనను గుర్తుపడితే పని సాగదన్నది అతడు చెప్పే కారణం. కారణం సమంజసమే, కాని అది వృత్తిపరమైన కారణం. దాని వెనుక ఉన్న అసమానత దానితో తొలగిపోదు. ఇతరులు తనకు ఏది చేస్తే అప్రియమో దానిని ఇతరులకు చేయకపోవడమే పరమధర్మమని భారతం బోధించింది. ఆ గీటురాయి మీద బ్రెస్సన్ నిలబడడు. కత్తిరించకపోవడం, ఫ్లాష్ వాడకపోవడం, భంగిమలు పెట్టించకపోవడం అన్న మర్యాదలన్నీ పాటించినవాడు, అడగడమన్న మర్యాదను పాటించలేదు. పాటించడం అతని కళలో సాధ్యం కాదు కూడా. అడిగిన మరుక్షణం ఆ మనిషి మారిపోతాడు. దూకబోయేవాడు ఆగి కాలర్ సర్దుకుంటాడు. 1977లో సూసన్ సొంటాగ్ కెమెరాలోని ఆక్రమణ స్వభావాన్ని గురించి రాసినప్పుడు ఆమె దృష్టిలో ఉన్నది ఇటువంటి స్థితే. ఆమె వాదం కొన్నిచోట్ల మోతాదు మించినా, బ్రెస్సన్ విషయంలో దానికి సులభమైన జవాబు లేదు.

ఒక పాక్షికమైన జవాబు అతని చిత్రాల్లోనే ఉంది. 1948లో శ్రీనగర్‌లో హరి పర్బత్ కొండవాలున తీసిన చిత్రంలో ముసుగులు ధరించిన ముస్లిం స్త్రీలు కొందరు మనకు వీపు పెట్టి నిలబడి, కూర్చుని ఉన్నారు. ఒకామె అరచేతులు తెరిచి దూరాన మేఘాల వైపు, పర్వతాల వైపు చాచింది. వారి ముఖాలు తెలియవు. వారి ప్రార్థన చూస్తాము, కాని వారి వైపు నుంచి కాక, వారు చూస్తున్న దిక్కుకు తిరిగి. వారి ఏకాంతం చెదరలేదు. దెస్సౌ చిత్రం ముందు కలిగే కలవరం ఇక్కడ కలగకపోవడానికి కారణం వస్తువు భిన్నంగా ఉండడం ఒక్కటే కాదు, ఛాయాగ్రాహకుడు నిలబడిన చోటు. అనుమతి అడగలేనివాడు కనీసం ఎక్కడ నిలబడాలో ఎంచుకోగలడు. బ్రెస్సన్ తల, కన్ను, హృదయం ఒకే సరళరేఖపై రావాలన్నాడు. ఆ రేఖ ఎక్కడి నుంచి మొదలవుతుందన్నది రేఖాగణితం కాదు.

1950 ఏప్రిల్ 14న రమణ మహర్షి నిర్యాణం చెందిన రాత్రి బ్రెస్సన్ తిరువణ్ణామలైలో ఉన్నాడు. తెలుగు చలం కూడా అరుణాచలం చేరి స్థిరపడినది ఆ సంవత్సరమే. అంతకు కొద్దిరోజుల ముందే బ్రెస్సన్ మహర్షి చిత్రాలు తీశాడు. ఆ రాత్రి ఎనిమిది గంటల నలభై ఏడు నిమిషాలకు ఆకాశంలో ఒక ప్రకాశవంతమైన ఉల్క నెమ్మదిగా అరుణగిరి వైపు సాగడం చూశానని, వెంటనే గడియారం చూసుకున్నానని అతడు చెప్పాడు. నిర్ణాయక క్షణమన్న మాటకు ఇంతకన్నా తగిన క్షణం అతని జీవితంలో మరొకటి లేదేమో. అతడు మనకు ఇచ్చినది మాత్రం మాటల్లో సాక్ష్యమే.

1970 దశకం తొలినాళ్ల తరువాత అతడు కెమెరాను చాలావరకు పక్కన పెట్టి యౌవనంలో వదిలేసిన పెన్సిలును మళ్లీ పట్టుకున్నాడు. 2004లో మరణించేవరకు బొమ్మలు గీశాడు. పెన్సిలుకు లిప్తకాలం అక్కరలేదు. గీత తప్పితే చెరిపి మళ్లీ గీసుకోవచ్చు, ఎదురుగా కూర్చున్న మనిషికి తనను గీస్తున్నారని తెలుసు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు.